డీజిల్ ట్యాంకులో గంగ

మా బావ చాలామందిని క్షమించాడు. పెళ్లిలో అలిగి విస్తరి ముందు నుంచి లేచిపోయిన మేనమామను క్షమించాడు. ఆయన పడవలో, నది నడుమ, వాంతి చేసుకున్న నన్ను కూడా కొంచెం ఆలస్యంగానైనా క్షమించాడు. డీజిల్‌లో పడ్డ నీటిచుక్కను మాత్రం ఆయన క్షమించగా నేను చూడలేదు.

మా అక్కను ఇచ్చిన ఊరు బోధన్ దాటినాక, చెరుకు తోటల నడుమ నుంచి పోయి పోయి, ఇక చాలని రోడ్డే ఆగిపోయిన చోట ఉంటుంది. అక్కడి నుంచి గంగ. గోదావరిని మా వైపు గంగ అనే అంటారు. శ్రీరాంసాగర్ నిండినప్పుడు నీళ్లు వెనక్కి తన్ని ఈ ఊరి పొలాల దాకా వస్తాయి. ఎండాకాలం అవి తగ్గిపోతే, తేలిన నేలలో జొన్నలు వేసుకుంటారు, పశువులను మేపుకుంటారు. వానాకాలం అదే నేల మీద బావ పడవ నడుపుతాడు. చేపల వలలు, అవతలి ఒడ్డున మహారాష్ట్ర సంతకు పోయే మనుషులు, అప్పుడప్పుడు మేకలు, ఏది దొరికితే అది ఎక్కించుకుంటాడు. తాను జొన్న కోసిన చేను మీదుగానే జనాన్ని పడవలో దాటించే మనిషిని నేను ఆయన్ని ఒక్కణ్ణే చూశాను. ఆయనకు అందులో వింతేమీ కనిపించదు. "కింద చేనున్నది, పైన నీళ్లున్నయి, గంతే గద బామ్మర్దీ," అంటాడు.

పడవ ఇనుప రేకుది. దానికి బిగించింది ఒకప్పుడు బావి మీద నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్. ఊళ్లోకి కరెంటు మోటార్లు వచ్చినాక పని పోయి, కొట్టంలో మూలకు పడి ఉంటే, బావ దాన్ని పడవెక్కించాడు. ఇంజన్ నుంచి వెనక్కి పొడుగాటి ఇనుప కడ్డీ, దాని కొసకు రెక్కలు. కడ్డీని కిందికి దించితే రెక్కలు నీళ్లలో మునిగి పడవ కదులుతుంది. పైకెత్తితే రెక్కలు గాలిలో తిరుగుతుంటాయి, పడవ ఆగుతుంది. దానికి బ్రేకు లేదు, లైటు లేదు. హారన్ అసలే అక్కర్లేదు, ఇంజన్ చప్పుడు పక్క రాష్ట్రానికి వినిపిస్తుంది.

దాని ట్యాంకులోకి నీళ్లు పోకుండా చూసుకోవడమే బావ అసలు ఉద్యోగం. పడవ నడపడం చిల్లర పని. సాయంత్రం ఒడ్డుకు రాగానే ట్యాంకును మెడ దాకా నింపుతాడు. సగం ఖాళీగా వదిలేస్తే తెల్లారేసరికి లోపలి గాలికి చెమట పడుతుందని, ఆ చెమట కారి డీజిల్‌లో దిగుతుందని ఆయన లెక్క. డిగ్రీలో ఫిజిక్స్ చదివిన నేను దానికి ఇంకో పేరు చెప్పగలను గానీ, సంగతి అదే. బోధన్ నుంచి తెచ్చిన డీజిల్‌ను దట్టమైన పాత ధోతి గుడ్డలో వడగట్టనిదే పోయడు. మూత కింద సైకిల్ ట్యూబు కోసి చేసిన వాషరు. మూత మీద పాలిథిన్ కవరు. కవరు చుట్టూ సుతిలి తాడు. పొద్దున్నే ట్యాంకు అడుగున బోల్టు వదులు చేసి, గాజు సీసాలోకి కొంచెం డీజిల్ దింపి, వెలుతురుకు పట్టి చూస్తాడు. సీసా అడుగున పూసంత నీరు కనిపించినా ఆ పూట ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

బోధన్‌లో ఇంజన్లు బాగు చేసే చాచా ఒకసారి నాజిల్ విప్పి, పట్టిన తుప్పు చూపించి, "ఇంజన్‌కు పానీ అంటే జహర్, బేటా," అన్నాడట. చుట్టూ కనుచూపు మేర ఆ విషమే, దాని నడుమ బకెట్టంత పొడి జాగా. ఆ జాగాను కాపాడుకోవడమే పడవ నడపడమంటే. బావ ఈ మాట ఇలా అనలేదు, ఇది నా రాత. ఆయన అన్నది, "నన్నడగకుంట మూత తీసినోని చెయ్యి ఇరుగుతది," అని.

ఇంత జాగ్రత్తపరుడి ట్యాంకులోకి నీళ్లు ఎట్లా పోయాయో చెప్పాలంటే పొలాల అమావాస్య గురించి చెప్పాలి.

శ్రావణం ఆఖరున వచ్చే ఎడ్ల పండుగ అది. మహారాష్ట్ర గాలి తగిలే మా సరిహద్దు ఊళ్లలో పెద్ద పండుగ. ఆ రోజు ఎద్దుకు పని చెప్పరు. నీళ్లు పోసి కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో దండలు వేసి, భక్షాలు, అంటే బొబ్బట్లు, తినిపించి ఊరేగిస్తారు. బావ ఇంట్లో ఎడ్లు పోయి చాలా ఏండ్లయింది గానీ పండుగ పోలేదు. ఎందుకంటే ఇంట్లో అవ్వ ఉంది. అవ్వంటే బావ తల్లి, నేనూ అట్లాగే పిలుస్తాను. ఎడ్లను అమ్మిన ఏడు ఆమె పసుపు కుంకుమల పళ్లెం పట్టుకొని ఖాళీ కొట్టంలో కాసేపు నిలబడిందట. తర్వాత మెల్లగా నడుచుకుంటూ గంగ ఒడ్డుకు పోయి ఇంజన్‌కు బొట్టు పెట్టింది. "ఇంటికి బువ్వ పెట్టేది గిదే గద," అన్నదట. ఆ రోజు నుంచి ఆ ఇంజన్ ఎద్దు.

ఎద్దయినాక ఎద్దుకు జరగాల్సినవన్నీ జరగాలి. దాన్ని కడుగుతారు. హ్యాండిల్‌కు దండ వేస్తారు. సైలెన్సర్ మీద భక్షం ముక్క పెడతారు, అది ఎద్దు తరఫున కాకులు తింటాయి. కొమ్ములు లేకపోవడం ఒకటే లోటు. దానికి ఉపాయంగా ట్యాంకు మూతకు, హ్యాండిల్ పిడికి ఎర్రరంగు వేయడం అలవాటైంది. ఇక ఆ రోజు పడవ కదలదు. మంత్రి వచ్చి ఒడ్డున నిలబడినా కదలదు.

ఆ ఏడు పండుగకు నేను నిజామాబాద్ నుంచి పోయాను. భక్తితో పోయానని చెప్పుకోను, అక్క చేతి భక్షాల కోసం పోయాను. ముసురు పట్టి ఉంది. నేను పోయేసరికి అక్క ఇంట్లో లేదు. పొద్దున్నే భక్షాలు చేసి పెట్టి, బర్రెలను తోలుకొస్తానని దిబ్బకు పోయిందట. ముంపు నేలలో ఊరికి దూరంగా, కాస్త ఎత్తుగా తేలి ఉండే గడ్డి దిబ్బ అది. నీళ్లు ఎక్కువ లేనప్పుడు నడిచిపోవచ్చు, ఆమె నడిచే పోయింది. బర్రెల్లో ఒకటి ఈమధ్యనే అక్కడ ఈనింది. తల్లినీ దుడ్డెనూ పండుగపూట ఇల్లు చేర్చాలని ఆమె తాపత్రయం.

ఒడ్డున ఎద్దు కార్యక్రమం నడుస్తోంది. బావ ట్యాంకు మూత విప్పి, ఎర్రరంగు పూసి, వలలు పెట్టుకునే గుడిసెలో ఆరబెట్టాడు. తెరిచి ఉన్న ట్యాంకు మూతికి పాలిథిన్ కవరు రెండు మడతలు వేసి కప్పి, తాడు బిగించాడు. తాడు లాగి చూశాడు. తృప్తిపడి, మరిచిపోయిన కొబ్బరికాయ తేవడానికి ఇంటికి బయల్దేరాడు. వెనకే నేనూ పోయాను, భక్షాలు అక్కడే ఉన్నాయి గనుక. ఒడ్డున అవ్వ, ఇంజన్, నీళ్ల బిందె మిగిలారు.

మేము తిరిగి వచ్చేసరికి ఇంజన్ తళతళలాడుతూ ఉంది. ట్యాంకు మూతికి కవరు కప్పి, తాడు కట్టి ఉంది. బావ కొబ్బరికాయ కొట్టాడు, రంగు ఆరిన మూతను తెచ్చి బిగించాడు. సీసా చూసే పని పొద్దున్నే అయిపోయింది. ఎట్లాగూ ఈ రోజు ఎద్దుకు విశ్రాంతి.

అందరం ఇంటికి పోయి భోజనాలకు కూర్చునే వేళ అక్క ఫోన్ వచ్చింది. నాకు.

"తమ్మీ, అచ్చినవారా?"

"అచ్చిన అక్కా. భక్షాలైతే..."

"భక్షాల ముచ్చట తర్వాత. నీ బావ ఏడ? ఫోన్ ఎత్తుతలేడు. నీళ్లు పెరుగుతున్నయిరా. నేనచ్చిన తొవ్వ మునిగింది."

మా అక్క గొంతు ఎప్పుడూ పంచాయతీ మైకులాగా ఉంటుంది. ఆ రోజు మెల్లగా ఉంది. నేను ఫోన్ పట్టుకొనే బావ దగ్గరికి పోయాను. పైన మహారాష్ట్రలో వానలు దంచుతున్నాయని, అక్కడి నుంచి వరద దిగుతోందని పొద్దుటి నుంచి ఊళ్లో అనుకుంటూనే ఉన్నారు. ఇంత తొందరగా దిగుతుందని ఎవరూ అనుకోలేదు.

బావ ఫోన్ గుంజుకున్నాడు. "ఏమే, ఈతకొట్టుకుంట రారాదు? నీకు అత్తది గద."

"నాకత్తది. దుడ్డెకు రాదు."

"దుడ్డెను ఇడిచిపెట్టు!"

"నువ్వచ్చి ఇడిచిపెట్టు. మిగిలినయి ఈదుకుంట ఎల్లిపోయినయి. తల్లి మాత్రం పిల్లను ఇడిచి అడుగేస్తలేదు. గొంతు చినిగేటట్టు ఒర్రుతున్నది. నేను దాన్నిడిచి రాను. అచ్చేదుంటే జల్ది రా, లేకుంటే ఫోన్ పెట్టు, బ్యాటరీ అయిపోతది."

బావ అవ్వ వైపు చూశాడు. పండుగ నాడు ఎద్దును కట్టడమంటే ఆ ఇంట్లో చిన్న సంగతి కాదు. ఊళ్లో ఇంకో రెండు పడవలున్నాయి గానీ అవి తెడ్లవి, వరద పారకానికి తెడ్డు చాలదు. అవ్వ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"కట్టురా. అది మనింటిదే, ఏమనుకోదు. పిల్లను తోలుకరా పో," అంది. పిల్ల అంటే దుడ్డె కాదు, కోడలు.

ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. మెడలో దండ ఊగుతూ, ఎర్ర మూతతో, పెళ్లికొడుకులాగా బయల్దేరింది. నా ఒంటి మీద రెయిన్‌కోటు, చేతిలో పొడుగాటి వెదురు గడ. నాకు ఈత రాదు. గంగ ఒడ్డు సంబంధం చేసుకున్నది అక్క, నేను కాదు కదా. అయినా మనిషిని, దుడ్డెను పడవలోకి లాగడానికి ఇంకో రెండు చేతులు కావాలి, బావ చేతులు కడ్డీ వదలడానికి లేదు.

ఒడ్డు పక్క నీళ్లు నిలకడగా ఉన్నంతసేపు ఏమీ కాలేదు. మునిగిన తుమ్మచెట్ల వరస దాటి అసలు పారకంలోకి రాగానే అలలు రేకును కొట్టడం మొదలుపెట్టాయి. పడవ అటూ ఇటూ ఊగింది. అప్పుడు ఇంజన్ ఒక దెబ్బ తప్పింది.

బావ తల తిప్పి చూశాడు. నేనూ చూశాను. ఇంజన్ మళ్లీ అందుకుంది. ఇంకో రెండు దెబ్బలు తప్పింది. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ బుస్సున వచ్చింది. తర్వాత, అన్నం తింటూ తింటూ లేచిపోయినవాడిలాగా, ఆగిపోయింది.

చప్పుడు ఆగినాక గంగ చప్పుడు వినిపించింది. అంతవరకు అది అంత గట్టిగా ఉందని నాకు తెలియదు.

పడవ మెల్లగా అడ్డం తిరిగి, వచ్చిన దారినే, తుమ్మచెట్ల వైపు కొట్టుకుపోసాగింది. చెట్లంటే పైకి కనిపించేవి ముళ్ల కొసలే. కింద మొద్దులున్నాయి. రేకు పడవ అడ్డంగా పోయి మొద్దుకు తగిలితే తిరగబడుతుంది. గడ దింపాను. అది నా పిడికిలి దాకా మునిగినా అడుగు అందలేదు.

బావ ఫిల్టర్ కింది బోల్టు వదులు చేసి, తాగే నీళ్ల సీసా గుమ్మరించి, అందులోకి దింపాడు. వెలుతురుకు పట్టాడు. పైన వేలెడు పసుపుపచ్చటి డీజిల్, కింద సీసాలో సగం నీళ్లు. రెండిటి మధ్య గీత గీసినట్టు. డీజిల్ నీళ్ల కంటే తేలికని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. దాన్ని అంత స్పష్టంగా చూడటం అదే మొదటిసారి.

"పొద్దుగాల సూసినవా బావా?"

"సూసిన. సుక్క లేదు."

"మరి ఇన్ని నీళ్లు ఏడికెళ్లి అచ్చినయి?"

ఒడ్డున ఇంజన్‌తో మిగిలింది అవ్వ ఒక్కతే అని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఇప్పుడు తెలియాల్సింది ఎవరిది తప్పు అని కాదు, ఎంత నీళ్లు అని. కొంచెమైతే ఫిల్టర్ ఖాళీ చేసి సాగొచ్చు. ఎక్కువైతే ట్యాంకు ట్యాంకే దండగ. నేను అవ్వకు ఫోన్ చేశాను.

"అవ్వా, ఇంజన్‌ను కడిగినప్పుడు ట్యాంకు మూతికి కవరు ఉండెనా?"

"ఏ కవరు? గా చిక్కమా? ఊడవీకిన."

"ఎందుకవ్వా?"

"ఎందుకేందిరా? పండుగ నాడు ఎద్దును మెయ్యనియ్యకుంట మూతికి చిక్కం కడ్తరా ఎవలన్న? ఎంత సదువుకున్నా గంత సుత తెల్వదా నీకు? మోదుగాకు కప్పి నీళ్లు పోసిన. కడుగుడైనంక నీ బావ లొల్లి వెడ్తడని మళ్ల కట్టిన."

"నీళ్లు ఎన్ని పోసినవ్?"

"ఎద్దుకు పోసినన్ని." కొంచెం ఆగి అడిగింది. "అందిందా పిల్ల?"

"పోతున్నమవ్వా," అన్నాను. నిజమే. పోతూనే ఉన్నాం, అటు కాదు, అంతే.

ఫోన్ స్పీకర్‌లో ఉంది, బావ అంతా విన్నాడు. నేను ఆయన నోటి నుంచి తిట్టు కోసం ఎదురుచూశాను. ఆయన సీసాను గంగలోకి గుమ్మరించాడు. ఇన్నేండ్లు చెమట నుంచి, వాన నుంచి, అల నుంచి, బోధన్ బంకు నుంచి ఆ ట్యాంకును కాపాడాడు. భక్తి నుంచి కాపాడాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"గడ!" అని అరిచాడు.

మొద్దు పడవకు చెయ్యి దూరంలో ఉంది. గడను మొద్దుకు ఆనించి, నా బరువంతా వేసి నెట్టాను. గడ వంగింది. పడవ ఇష్టం లేనట్టు పక్కకు జరిగింది, ముళ్లు రేకును గీరుకుంటూ పోయాయి. వెంటనే ఇంకో చెట్టు. మళ్లీ నెట్టాను. నేను నెడుతున్నానో, చెట్టే నన్ను నెడుతోందో తెలియలేదు.

ఇంతలో ఫోన్ మోగింది. అక్క.

"ఏడున్నరురా? ఇంజన్ సప్పుడు ఇనస్తలేదు."

"గాలి ఊరి దిక్కు కొడుతున్నదక్కా, అందుకే..."

"గాలి మీ దిక్కు నుంచే ఇటు కొడుతున్నది. నాకు జెప్తున్నవా?" వెనక బర్రె అరుపు వినిపించింది. "మోకాళ్ల మీదికి అచ్చినయి నీళ్లు. దుడ్డెను రెండు చేతుల ఎత్తుకున్న. ఫోన్ చెవికి భుజానికి నడుమ పెట్టిన. ఇది జారిందంటే ఇగ చెయ్య. మళ్ల చెయ్యలేదని పరేషాన్ కాకుండ్రి."

ఆ ఆఖరి మాటకు బావ ముఖం నేను చూడలేదు, చూడకూడదనిపించింది.

పడవ ముందరి భాగంలో, పలక కింద, ఒక ప్లాస్టిక్ డబ్బాలో మిగులు డీజిల్ ఉంటుంది. వడగట్టింది, సీలు వేసినంత పని చేసింది. బావ దాన్ని బయటికి లాగాడు. "ట్యాంకును ఇడిచిపెడదాం. పైపును దీంట్ల వెడ్త," అన్నాడు. ట్యాంకు నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు పైపును పీకాడు. డబ్బాను ఇంజన్ కంటే ఎత్తున, ట్యాంకు మీదనే నిలబెట్టి, పైపు కొస లోపలికి దింపాలి. డీజిల్ తనంతట తానే కిందికి దిగుతుంది. లెక్క సరిగ్గానే ఉంది. ఒక్కటే ఇబ్బంది. డబ్బా మూత తెరవాలి, పైన వాన పడుతోంది.

నేను రెయిన్‌కోటు విప్పి, డబ్బాకు తొడిగాను. టోపీని దాని మూతి మీదికి లాగి, పైపు చుట్టూ గట్టిగా ముడి వేసి, రెండు చేతులతో కావలించుకొని నిలబడ్డాను. ఆ మధ్యాహ్నం గంగ మీద తడవకుండా ఉన్నది ఆ డబ్బా ఒక్కటే.

"దించకు," అన్నాడు బావ.

"దించను."

"టోపీ జారనియ్యకు."

"జారదు బావా, నువ్వు కానియ్యి."

బావ పైపు రెండో కొసను నోట్లో పెట్టుకొని పీల్చాడు. డీజిల్ నోటినిండా రాగానే ఉమ్మి, పైపును బిగించాడు. పైపులో గాలి బుడగ ఉంటే ఇంజన్ అందుకోదు కాబట్టి, బోల్టు వదులు చేసి, బుడగలు పోయి ధార వచ్చేదాకా చూశాడు. హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ మూలిగింది. ఇంకోసారి తిప్పాడు. మూలిగింది. గడ పట్టేవాళ్లు లేక పడవ వెనక భాగం చెట్టుకు ఒరుసుకుంది, రేకు కీచుమంది, నీళ్లు కొన్ని లోపలికి పొర్లాయి. నేను డబ్బాను వదిలి గడ అందుకోవాలా వద్దా అని ఆలోచించాను. వదల్లేదు. ఆ నిర్ణయం తెలివైనదని ఇప్పటికీ ఖాయంగా చెప్పలేను.

మూడోసారి బావ హ్యాండిల్ తిప్పుతూ ఇంజన్‌తో ఏదో అన్నాడు. దేవుడికి చెప్పే మాట కాదది, ఎద్దును అదిలించే మాట. ఇంజన్ దగ్గింది. ఒక దెబ్బ. తెల్లపొగ. ఇంకో దెబ్బ. తర్వాత వరసగా. బావ కడ్డీని దింపాడు, పడవ ముళ్లను చీల్చుకుంటూ బయటికి దూకింది.

దిబ్బ కనిపించలేదు. కనిపించింది నీళ్ల నడుమ అక్క, తొడల దాకా, చేతుల్లో నల్లటి దుడ్డె. పక్కన బర్రె తల. బావ ఇంజన్ ఆపలేదు. కడ్డీని పైకెత్తి, రెక్కలను గాలిలో తిరగనిచ్చి, పడవను జారనిచ్చాడు. ఆపితే మళ్లీ అందుకుంటుందన్న నమ్మకం మా ఇద్దరిలో ఎవరికీ లేదు. డబ్బాను తాడుతో ట్యాంకుకు కట్టేసి, నేను వంగి దుడ్డెను అందుకున్నాను. పుట్టి వారం కాని జీవానికి అంత బరువుంటుందని అక్కడే తెలిసింది. అది పడవలో పడగానే తల్లి అరుచుకుంటూ పడవ పక్కనే ఈదడం మొదలుపెట్టింది.

"నువ్వెక్కు," అని చెయ్యి చాచాను.

అక్క చేతులు ముందుకు రాలేదు. దుడ్డెను పట్టుకున్నట్టే ఉండిపోయాయి, వంగి, బిగుసుకొని. విప్పాలని చూస్తోంది, రావడం లేదు. పడవ జరిగిపోతోంది. నేను ఆమె జాకెట్టు భుజం దగ్గర పట్టుకొని లాగాను. అక్కను అట్లా లాగడం చిన్నప్పుడు జామకాయ కోసం కొట్లాడినప్పటి తర్వాత ఇదే. ఆమె బోర్లా వచ్చి పడవలో పడింది.

తిరుగు దారిలో బావ వేగం పెంచలేదు. పెంచితే బర్రె వెనకబడుతుంది, తగ్గిస్తే పారకం లాగేస్తుంది. నేను మళ్లీ డబ్బాను కావలించుకున్నాను. అక్క దుడ్డె తలను ఒళ్లో పెట్టుకొని, ఇంజన్ వైపే చూస్తూ కూర్చుంది. నది నడుమ ఇంజన్ ఒక దెబ్బ తప్పింది, ఫిల్టర్‌లో మిగిలిపోయిన నీళ్లేమో. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. దుడ్డె కూడా చెవులు నిక్కించింది. ఇంజన్ ఇంకో దెబ్బ తప్పి, ఏదో మింగినట్టు చప్పుడు చేసి, మళ్లీ గాడిలో పడింది.

"ఏమైంది దీనికి?" అక్క అడిగింది.

"నీళ్లు తాగింది," అన్నాను.

"ఎవలు తాగిపిచ్చిండ్రు?"

బావ ముందుకే చూస్తూ, "పండుగ గద," అన్నాడు. అక్క ఆయన్ని కాసేపు చూసింది. ఆమె తెలివికి అది చాలు.

ఒడ్డున సగం ఊరు ఉంది. అవ్వ అందరికంటే ముందు, పిక్కల దాకా నీళ్లలోకి దిగి నిలబడి ఉంది. పడవ మట్టిని తాకగానే కోడలి ముఖాన్ని రెండు చేతులతో తడిమి, జుట్టు నుంచి నీళ్లు పిండి, తర్వాత కొడుకును అడిగింది.

"గంతసేపు ఏం చేసిండ్రురా? మధ్యల సప్పుడు బందైంది."

"గాలి పట్టిందవ్వా పైపుకు," అన్నాడు బావ.

"మరి పట్టదా? పండుగ నాడు పని జెప్తే గట్లనే అలుగుతది," అని ఆమె ఇంజన్‌ను క్షమించేసింది.

జనం వచ్చి దుడ్డెను దించుకున్నారు. బర్రె రొప్పుతూ ఒడ్డెక్కి, పిల్ల దగ్గరికి పోయి నాకడం మొదలుపెట్టింది. ఎవరో అక్క మీద గొంగడి కప్పారు. ఎవరో నా చేతుల్లోంచి డబ్బా తీసుకోబోతే నేను ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే, ఇవ్వాలని తట్టలేదు. పడవ సగం ఒడ్డు మీదే ఉంది. కడ్డీ పైకెత్తి ఉంది. రెక్కలు గాలిలో తిరుగుతూనే ఉన్నాయి, ఇంజన్ టకటకమంటూనే ఉంది. బావ దాని పక్కన కూర్చొని కడ్డీని రెండు చేతులతో పట్టుకొని ఉన్నాడు. ఇక దానితో పని లేదు. ఎవరినీ తేవాల్సింది లేదు. అయినా ఆయన ఆపలేదు.

అక్క గొంగడితోనే లేచి వచ్చి, పడవ అంచు మీద నుంచి వంగి ఇంజన్ బంద్ చేసింది. రెక్కలు కొన్ని చుట్లు తిరిగి ఆగాయి.

"దిగయ్యా ఇగ," అంది. "అచ్చిన గద నేను."